రేకు డబ్బాలో దవడ

గాలాల డబ్బా అది.
తుప్పు మూత ఊడదీస్తే సీసపు గుండ్లు, తెగిన దారం,
అడుగున గుడ్డలో చుట్టిన సగం దవడ.
"మా తాత ఔలిస్ కొట్టిన ఆఖరి సీలుది" అంది తూవి
గుమ్మంలో మంచు బూట్లు విప్పకుండానే.

అప్పట్లో సర్కారు దవడకింత అని లెక్కకట్టి ఇచ్చేదట.
వలలు చింపే దొంగ, చేపల్ని మింగే దయ్యం,
చంపినవాడిదే పుణ్యం.
ఇది పట్టుకుని ఔలిస్ తెడ్డేసుకుంటూ వెళ్ళేసరికి
గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.
పద్దు మూసేశారు, ఇక డబ్బుల్లేవు.
అప్పట్నుంచీ చెల్లని చెక్కులా
గాలాల కింద పడి ఉంది.

నా పని చిన్నది.
పంటి వేరులో సన్నటి బెజ్జం వేస్తాను,
గోటి మీద నిలిచేంత పొడి.
ముసుగు, రెండు జతల తొడుగులు, బిగబట్టిన ఊపిరి.
ఒక్క తుమ్ము చాలు, సీలు కాస్తా నేనైపోతుంది.
వచ్చేవి తునకలే,
వానలో నానిన ఉత్తరంలా
ఇక్కడో మాట, అక్కడో సగం.

అయినా కూడబలుక్కుని చదివితే
మొదట వినిపించేది మంచు.
ఈ ఫిన్లాండు వీపు మీద కూచున్న అంత మంచూ
కరిగి లేచిపోయాక
బరువు దిగిన నేల మెల్లగా నడుమెత్తింది.
సముద్రానికీ సైమా సరస్సుకీ మధ్య తలుపు పడింది.
లోపల ఉండిపోయినవాళ్ళు
ఉప్పు రుచి మరిచారు,
చీకటి నీళ్ళకి కళ్ళు పెద్దవి చేసుకున్నారు.
వచ్చేవాళ్ళు లేరు, పోయేవాళ్ళు లేరు.
మేనరికం మీద మేనరికం
వేల చలికాలాలు.

"ఆడదేనా?"
ఆడదే. పంటి వలయాలు లెక్కపెడితే తొమ్మిదేళ్ళు.
తల్లి నుంచే దిగే పేరొకటుంది కణాల్లో,
తండ్రి ముట్టుకోలేని ఇంటిపేరు.
ఇవాళ బతికున్న నాలుగు వందల చిల్లరలో
ఆ ఇంటిపేరు ఎవరికీ లేదు.
వాక్యం ఎలా ముగించాలో తెలియక
"మేం చూసినంతవరకు" అన్నాను.

ఆమె కాఫీ చల్లారింది.
తాత మంచివాడనలేదు, చెడ్డవాడనీ అనలేదు.
"ఆ ఏడు మా అమ్మకి బూట్లు లేవు" అంది.
అంతే.

జనవరిలో మంచు పడాల్సిన చోట వాన పడింది.
గట్టున దిబ్బ లేకపోతే
సీలు తవ్వుకోవడానికి గుహ ఉండదు,
వట్టి గడ్డ మీదే కంటుంది, నక్క చూస్తుండగా.
అందుకని ఇక్కడ జనం పారలు భుజాన వేసుకుని
సరస్సు మీదికి నడుస్తారు, మాటలు తగ్గించుకుని.
అరవై ఎనిమిదేళ్ళ తూవి కూడా.
తాత తుపాకీతో పొంచి కూచున్న పాయలోనే
పలచటి మంచుని గీరి గీరి పోగేసింది,
నడుమెత్తు దిబ్బ, ఎనిమిది మీటర్లు.
అరచేత్తో చరిచి చూసి
"ఊఁ, ఇల్లు" అంది, ఎవరితోనో.

మేలో గడ్డ విరిగాక ఈతగాళ్ళు దిగారు.
ఆరు దిబ్బలున్న చోట్ల వెతికితే
నాలుగింట ఉత్త బురద.
ఒకచోట రాలిన పసి బొచ్చు.
తూవి దిబ్బ కింద, రాళ్ళ సందున, ఎర్రటి ముద్ద.
మాయ.
మాయంటే ఇక్కడ లేనిది కాదు,
ఒక పిల్ల ఉందనడానికి మిగిలిన రుజువు.
తల్లీ బిడ్డా ఇద్దరూ ఒకే సంచిలో.

పొద్దున చదివాను.
పోయిన ఇంటిపేరు కాదు.
అలాంటివి తిరిగి రావు.
నేను ఎదురుచూడలేదనీ అనను.
మాకు తెలిసిన ఇంకో తల్లి,
అవతలి పాయలోది, ఇంత దూరం రావడం ఇదే మొదలు.

తూవికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది.
దవడ బల్ల మీద ఉంది, పంటిలో నా బెజ్జంతో.
వాపసు కావాలంది.
డబ్బాలోకి కాదట.
ఎక్కడికో చెప్పలేదు.